అల్పాయువు – కృతజ్ఞత

వృద్ధుడు మరణించినప్పుడు లోకము దుఃఖించును గాని యాశ్చర్యపడదు. ఇరువది ముప్పది యేండ్ల వయస్సున నున్నవారికి మరణము నిశ్చితమని వైద్యులు చెప్పినప్పుడు లోకము దుఃఖించుటకంటె ముందు ‘ఎందువలన?’ అని ప్రశ్నించును. ఈ ప్రశ్నకు మన యిండ్లలో ననాదిగా సిద్ధముగా నున్న సమాధానములు రెండు. పూర్వజన్మమునందు జేసిన పాపము వ్యాధిరూపమున వచ్చినదనుట మొదటిది. భగవంతుడు మంచివారిని ముందుగా బిలుచుకొనుననుట రెండవది. మొదటిది రోగిని నేరస్థునిగా జేయుచున్నది. రెండవది చావక మిగిలిన మన యందఱి నడవడిని గూర్చి యొక యభిప్రాయమును దెలుపుచున్నది.

ఈ కాలమున మూడవ సమాధానమొకటి బయలుదేఱినది. రోగి యెల్లప్పుడును నవ్వుచుండవలెనట. వ్యాధితో ధీరుడై పోరాడవలెనట. ప్రతిదినమును దనకు గలిగిన మేళ్లను లెక్కించుకొని కృతజ్ఞుడై యుండవలెనట. చూడవచ్చిన బంధువులు పండ్లతోపాటు ఈ యుపదేశమును గూడ దెచ్చి మంచము ప్రక్కన బెట్టి పోవుచున్నారు. రోగి మరణించినయెడల వాని పట్టుదల చాలలేదని తేలును. ఇది పాత కర్మసిద్ధాంతమే. తొడుగుకొన్న యంగీ మాత్రము క్రొత్తది.

కాబట్టి ప్రశ్నను ముందు సరిగా నిలుపుకొనవలసియున్నది. యౌవనమున మరణమున కెదురుగా నిలిచినవారు తమ జీవితమునందు అర్థమును, కృతజ్ఞతను గనుగొనగలరా? కనుగొంటిమని చెప్పినవారు నిజమే చెప్పిరా, లేక తమ్మును, తమవారిని ఓదార్చుకొనుటకై యట్లు పలికిరా? అన్నిటికంటె ముఖ్యమైనది: వారినుండి దానిని గోరుటకు ఆరోగ్యవంతులమైన మనకు హక్కు గలదా?

కృతజ్ఞత యను మాటను తరగతిలో మేము విడదీసి చెప్పుచుందుము. కృతమనగా జేయబడినది, జ్ఞత యనగా నెఱుగుట. ఇందు సంతోషమను నర్థము లేదు. అంతయు మన మంచికే యను నర్థము అసలే లేదు. తన కెవరేమి చేసిరో యెఱిగియుండుటయే కృతజ్ఞత. అది భావమగుటకు ముందు జ్ఞానము. ఆరోగ్యవంతునకు ఈ జ్ఞానము దుర్లభము. అతడు నీళ్లు త్రాగును. చెంబును నింపిన చేయి యెవరిదో చూడడు. సంస్కారప్రియులమని చెప్పుకొను మన యిండ్లలో గూడ ఆ చేయి సాధారణముగా స్త్రీది. చూడకపోవుటకు అదియు నొక కారణమే. మంచమెక్కిన యువకునకు కొలదిదినములలోనే ఆ చేయి కనబడును. రాత్రి రెండు గంటలకు వాంతి గిన్నె పట్టుకొన్న చేయి, తడిసిన దుప్పటిని మాఱుమాట లేక మార్చిన చేయి, జుట్టు రాలిన తలను నిమిరిన చేయి. అప్పు డతడు కృతజ్ఞుడైనచో, మరణము వానికేదో రహస్యోపదేశము చేసినదని కాదు. ఇంతకాలము మూతపడియున్న లెక్కల పుస్తకము తెఱువబడినదని మాత్రమే.

ఇందొక వ్యాకరణవిషయము గలదు. వ్యాధిలో నుండి కృతజ్ఞుడగుట వేఱు. వ్యాధికి కృతజ్ఞుడగుట వేఱు. ఈ వ్యాధి నాకు మేలే చేసినదని కొందఱు రోగులు చెప్పుదురు. చెప్పుటకు వారి కధికారము గలదు. వారి తరపున ఆ మాట చెప్పుటకు మనకు లేదు. సంస్కృతవిద్యార్థి సప్తమి యుండవలసినచోట చతుర్థి వ్రాసినయెడల ఒక మార్కు పోవును. ఇచ్చట పోవునది యంతకంటె నెక్కువ.

ఇంగ్లీషు కవి కీట్సు విషయమును ముందుగా జెప్పవలెను. ఏలయన అతడు మనకు అనుకూలుడైన సాక్షి కాడు. అతడు వైద్యము నభ్యసించి 1816లో అర్హతాపత్రమును బొందినవాడు. 1818లో తన తమ్ముడు క్షయతో క్షీణించి మరణించుటను దగ్గఱ గూర్చుండి చూచినవాడు. 1820 ఫిబ్రవరి 3వ తేదీ రాత్రి తన దగ్గులో రక్తము పడగా, దీపపు వెలుతురున దాని రంగును జూచి, అది తనకు మరణశాసనమని గ్రహించెను. అప్పటికి వయస్సు 24 సంవత్సరములు. ఆ యేటి చివర చికిత్సకై రోము నగరము జేరెను. అచ్చట అతని చివరి మాసములు శాంతముగా గడచినవని చెప్పుట యసత్యము. ప్రేమించిన యువతి వ్రాసిన జాబులను విప్పి చదువలేకపోయెను. అవి విప్పకయే అతనితో సమాధిలోనికి బోయినవి. నల్లమందు ద్రావకపు సీసాను దనకిమ్మని, తోడుగా వచ్చిన సెవర్నును ప్రాధేయపడెను; సెవర్ను దానిని వైద్యుని కప్పగించెను. నిద్రనుండి మేలుకొని తానింకను బ్రతికియున్నందుకు ఏడ్చుచుండెను. 1821 ఫిబ్రవరి 23న 25వ యేట మరణించెను.

ఇతనిని కృతఘ్నుడందుమా? వ్రాయవలసినదంతయు లోపలనే యుండగా కలము లాగికొనబడినవాడు కోపించుట న్యాయము. అయినను ఒక సంగతి మఱువరాదు. తన్ను పాతిపెట్టబోవు స్థలము నెట్లున్నదో చూచి రమ్మని సెవర్నును బంపి, అచ్చటి గడ్డిలో వయొలెటు పూలు పూచుచున్నవని విని యతడు సంతోషించెను. చివరి గడియలో, భయపడవలదని ఆ స్నేహితునికే తాను ధైర్యము చెప్పెను. విధిమీద కోపమును, మనుష్యునియందు కృతజ్ఞతయు ఒక్క హృదయమునందే యొక్క దినముననే యుండవచ్చును. మొదటిదానిని విడిచినగాని రెండవది రాదను నియమము మనము కల్పించినది.

కీట్సును చంపిన వ్యాధికి ఇప్పుడు మందున్నది. 1943లో స్ట్రెప్టోమైసిను కనుగొనబడినది. మన మదనపల్లె దగ్గఱ ఆరోగ్యవరమున 1915లో వెలసిన శానిటోరియమువంటి స్థలములకు బోయి నెలల తరబడి గాలిని, పాలను, విశ్రాంతిని నమ్ముకొనవలసిన కాలము పోయి, ఇంటియొద్ద నుండియే మందులు మ్రింగి నయము చేసికొనవచ్చునని 1959లో మద్రాసు పరిశోధకులు లోకమునకు నిరూపించిరి. అయినను 1993లో తెలుగు కవి అలిశెట్టి ప్రభాకరు నలువది యేండ్లు నిండకుండనే ఆ క్షయతోడనే మరణించెను. అట్టి మరణమునకు విధి యను పేరు పెట్టి, అందు అర్థమును వెదకుమని చెప్పుట అన్యాయము. మందు దొరకు వ్యాధికి మందే యర్థము. మా ప్రశ్న అన్ని తలుపులును దట్టి, ఏదియు తెఱువబడనివారిని గూర్చి మాత్రమే.

వారి విషయమున గూడ మొదటి ధర్మము బోధ కాదు, బాధానివారణము. ఎముకలలో నొప్పి రంపపుకోత వలె నున్నవానికి జీవితార్థమును గూర్చి యాలోచించు తీరిక యుండదు. సిసిలీ సాండర్సు అను వైద్యురాలు 1967లో లండనునందు సెయింటు క్రిస్టఫర్సు ఆశ్రమమును స్థాపించి, మరణించువాని బాధ దేహమునందు మాత్రమే కాక మనస్సునందును, కుటుంబమునందును వ్యాపించియుండునని బోధించెను. కాని చికిత్సను దేహపు నొప్పితోనే ప్రారంభించెను. మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము దొంగవర్తకులను ఎంత భయపెట్టినదో తెలియదు గాని, ఆసుపత్రులను భయపెట్టి మార్ఫీనును దుర్లభము చేసినది. 2014లో గాని ఆ చట్టము సవరింపబడలేదు. నడుమ గడచిన 29 సంవత్సరములలో మన యూళ్లలో మూలుగుచు బోయినవారి నెవరును లెక్కింపలేదు. వారిని కృతజ్ఞులై యుండుమని యుపదేశించినవారు మాత్రము తప్పక యుండియుందురు.

రెండవ ధర్మము సత్యము. ఇచ్చట మన కుటుంబముల యాచారము మిక్కిలి చిత్రమైనది. వైద్యుడు వ్యాధి పేరును తండ్రితో జెప్పును. తండ్రి మేనమామతో జెప్పును. మేనమామ వీథియంతకును జెప్పును. మంచముమీద నున్నవానికి మాత్రము ‘కొంచెము నీరసము’ అని చెప్పుదురు. ఒకప్పుడు క్షయ పట్టిన కుమారునకు పెండ్లి చేసినచో నయమగునని నమ్మి, ఏమియు నెఱుగని బాలికను దెచ్చి ముడివేసిన గృహస్థులును గలరు. అది సత్యమును దాచుటయం దాఱితేఱిన ప్రేమ. రెండు జీవితములను గాల్చినది.

భారతమునందలి సావిత్రీకథను ఈ దృష్టితో జదువవలెను. సత్యవంతున కిక నొక్క సంవత్సరమే యాయుర్దాయమని నారదుడు చెప్పినప్పుడు సావిత్రి వినెను, ఆమె తండ్రి వినెను. సత్యవంతుడు వినలేదు. ఆమె యేడాదియంతయు దినములను లోలోన లెక్కించుకొనుచు నతనితో గాపురము చేసెను. ఆమె నిష్ఠను గూర్చి యెన్నియో హరికథలు విన్నాము. ఎవరి చావో వానికే తెలియకుండుట న్యాయమా యని యడిగిన హరిదాసు నొక్కనిని మేము చూడలేదు. యముని గెలువగలిగినంతవరకు ఆ రహస్యము చెల్లును. మన యిండ్లలో సావిత్రులు కలరు గాని, యముడు తిరిగి యిచ్చుట లేదు.

ఆ సావిత్రీకథను ఆంగ్లపద్యములుగా వ్రాసిన తోరూదత్తు, చావెవరిదో తెలిసిన యింటిలో బెరిగిన బాలిక. కలకత్తాలో 1856లో జన్మించెను. అన్నను 1865లో, అక్కను 1874లో బోగొట్టుకొనెను; తనకును అక్కను గొనిపోయిన క్షయయే పట్టినది. అట్టి స్థితిలో ఆమె చేసిన పని మావంటి పంతుళ్లకు ముచ్చట గొలుపును: తండ్రితో గూడ గూర్చుండి సంస్కృతము నేర్చుకొన మొదలుపెట్టెను! ఇంగ్లీషును, ఫ్రెంచిని స్వభాషల వలె వ్రాయగలిగిన యామెకు, దగ్గుచు, మధ్యమధ్య పుస్తకము మూయుచు, శబ్దమంజరి వల్లించుటవలన నేమి ఫలము? పరీక్ష లేదు, ఉద్యోగము లేదు, ఆయువే లేదు. కాని యా కొలది మాసముల సంస్కృతమునుండియే విష్ణుపురాణపు ధ్రువోపాఖ్యానమును, భరతుడును లేడిపిల్లయు గల కథయు ఆంగ్లమున వెలువడినవి. ఫ్రెంచి కవితలకు ఆమె చేసిన యనువాదములు 1876లో భవానీపురమునందలి యొక చిన్న ముద్రణాలయమున అచ్చుపడినవి. 1877 ఆగస్టు 30న 21వ యేట మరణించెను. పురాణకథల గేయములు 1882లో లండనునందు ప్రకటింపబడినప్పు డామె లేదు. భాషను నేర్చుకొనువాడు సాధారణముగా మున్ముందు దానితో నేదో చేయుదునని నేర్చుకొనును. ఈమె నేర్చుకొనుట యందలి సుఖమునకై నేర్చుకొనెను. బహుశః ఆరోగ్యవంతులైన మా విద్యార్థులు నేర్చుకొనలేనిది యిదియే.

శ్రీనివాస రామానుజము విషయము లోకవిదితము. 1919లో ఇంగ్లండునుండి తిరిగి వచ్చునప్పటికే శరీరము శిథిలమైయుండెను. 1920 జనవరి 12న మద్రాసునుండి హార్డీకి వ్రాసిన లేఖలో, తాను క్రొత్తగా గనుగొన్న యొకజాతి ప్రమేయములను వివరించెను. వానికి మాక్ థీటా ప్రమేయములని తానే పేరుపెట్టెను. ఏప్రిలు 26న 32వ యేట మరణించెను. ఆ కడపటి యేటి కాగితములు కొన్ని కేంబ్రిడ్జిలో ట్రినిటీ కళాశాల గ్రంథాలయమున బడియుండగా 1976లో ఆండ్రూసు అను గణితజ్ఞుడు వానిని గుర్తించెను. ఆ ప్రమేయముల తత్త్వము 2002లో గాని సమగ్రముగా దెలియలేదు. తన ఫలమును తాను చూడని కర్మ యెట్లుండునో గీతావ్యాఖ్యానములకంటె ఈ కాగితములే చక్కగా జూపుచున్నవి. కాగితములు గొప్పవి, ఆ దినములలో వేడినీటి గుడ్డలతో నతని నొప్పికి కాపడము పెట్టుచుండిన జానకి యను భార్యకు మాత్రము అప్పటికి 21 సంవత్సరములు. ఆమె యా తరువాత 74 సంవత్సరములు జీవించెను. కుట్టుపని నేర్చుకొని తన పొట్ట తాను పోసికొనెను. అర్థవంతమైన మరణమును గూర్చి వ్రాయువారు ఈ 74 సంవత్సరములను ఒక్క వాక్యమున దాటించుచున్నారు. మేమును ఇక్కడ రెండు వాక్యములే వ్రాసితిమి.

వీరందఱును మహామేధావులు గదా, సామాన్యున కేమి దారి యని చదువరు లడుగవచ్చును. మా పాఠశాలలో పదవతరగతి చదివిన యొక బాలుని మోకాలియొద్ద రాచపుండు లేచినది. కాలు తీసివేసిరి, అప్పటికే యది ఊపిరితిత్తులకు బ్రాకినది. వానికి సంగతి చెప్పవలదని తండ్రి మమ్ము వేడుకొనెను. చెప్పవలసిన పనియే లేకపోయినది. ఆసుపత్రిలో తాను పడుకొన్న వార్డు పేరును చదువుట వానికి వచ్చును. పరీక్షలు రెండు మాసములలో నుండగా ఫీజు కట్టుటకు వచ్చి వాడు మమ్మడిగినది యొక్కటే: ‘పరీక్షహాలు క్రిందనే యుండునా మాస్టారూ, మేడమీదనా?’ క్రిందనే యుండునట్లు ఏర్పాటు చేసితిమి. ఆఱు దినములును జంకకఱ్ఱలతో వచ్చి వ్రాసెను. లెక్కల పరీక్షనాడు ఒక ప్రశ్నలో ముద్రణదోషమున్నదని యధికారిని బిలిచి చూపెను. దోషమున్న మాట నిజమే. ఫలితములు తెలిసిన పదునొకండవ దినమున పోయెను. ఆ మార్కుల పత్రముతో వానికేమి ప్రయోజనమని తోటి యుపాధ్యాయు లొకరనిరి. వాని తరగతిలోని మిగిలిన నలువదిమందికి మాత్రము, జీవితాంతమునకు లెక్కచూచినచో, దానితో నేమి ప్రయోజనము? పదవతరగతి పిల్లవాడు చేయవలసిన పనిని పదవతరగతి పిల్లవాడై వాడు చేసెను. తన్ను రోగి యని గాక విద్యార్థి యని యెంచి యెవరైన మాటలాడుదురని వాడు మా బడికి వచ్చెనని మా యూహ.

భారతదేశమునుండి వలసపోయిన కుటుంబమున అమెరికాలో బుట్టిన పాలు కళానిధి సాహిత్యమును, పిమ్మట వైద్యమును జదివి, మెదడు శస్త్రచికిత్సలో నిపుణుడగుచుండగా 2013లో 36వ యేట ఊపిరితిత్తుల రాచపుండు బయటపడినది. మందు కొంతకాలము పనిచేయగా తిరిగి శస్త్రచికిత్సలు చేసెను. అతడును, వైద్యురాలైన భార్యయు ఆ స్థితిలో బిడ్డను గనవలెనా యని యాలోచించిరి. తండ్రి పోవునని తెలిసి బిడ్డను గనుట ధర్మమా? మాకు తెలిసిన పెద్దలు పలువురు కాదనిరి. ఆ బాలిక 2014 జూలైలో బుట్టినది. తండ్రి 2015 మార్చి 9న మరణించెను. బిడ్డను విడిచిపోవుట మరణమును మఱింత బాధాకరము చేయునేమోయని భార్య యడుగగా, అట్లు చేసిన మంచిదే గదా యను భావము నతడు వెలిబుచ్చినాడట. బాధ తగ్గించుకొనుటయే జీవితపు పని కాదని వారి నిశ్చయము. మాకు మెచ్చదగినదిగా దోచినది ఆ నిశ్చయముకంటె దానిని జేసిన తీరు. బిడ్డను బెంచవలసిన స్త్రీని ముందు అడిగిరి. మన యిండ్లలో వంశము నిలుచుటకై యిట్టి నిశ్చయములు పెద్దలు చేయుదురు. పెంచవలసినది మాత్రము విని యూరకుండును. 2016లో ప్రకటితమైన అతని గ్రంథము అసంపూర్ణము. చివరి భాగమును భార్య పూరించెను.

మనవారు మనుష్యుడు ఋషులకు, దేవతలకు, పితరులకు మూడు ఋణములతో బుట్టుననిరి. చదువు, యజ్ఞము, సంతానము వానికి తీర్మానములు. ఈ లెక్కన యౌవనమున బోవువాడు బాకీదారుడై పోవును. అందుచేతనే యట్టివారికి కర్మలు గూడ కుదించి చేయుదురు. మేము దీని నంగీకరింపము. నచికేతసుడు యముని యింట నిలిచి మొదటి వరముగా గోరినది ఆత్మజ్ఞానము కాదు. ఇంటియొద్ద తండ్రి కోపము శమించి మనశ్శాంతితో నిద్రించుట. కఠోపనిషత్తును బోధించువారు మూడవ వరమునకు త్వరపడి దీనిని దాటుచుందురు. ఏమియు గట్టని, ఏమియు గనని బాలుడు పితృఋణమును దీర్చిన విధమిది.

హైదరాబాదులో 2004 డిసెంబరునందు 25 సంవత్సరముల చదరంగపు ఆటగాడొకడు, కండరములు క్రమక్రమముగా క్షీణించు పుట్టువ్యాధితో, శ్వాసయంత్రముపై నుండెను. తాను బ్రతుకనని తెలియును. తన యవయవములు చెడకముందే తీసి, బ్రతుకగలవారి కీయుమని యతని కోరిక; తల్లి యా కోరికను ఉన్నతన్యాయస్థానమునకు గొనిపోయినది. ఒక తల్లి న్యాయస్థానపు మెట్లెక్కి ఏమి యడుగుచున్నదో తలచుకొనుడు. చట్టమున అవకాశము లేదని న్యాయస్థానము త్రోసివేసినది. చట్టము తప్పని మేమనజాలము. బ్రతికియున్నవాని యవయవములను దీయు ద్వారము ఒకసారి తెఱచినచో దానిగుండ బీదవారిని నెట్టువారు పుట్టుదురు. చికిత్సను నిరాకరించి శాంతముగా బోవు హక్కును, దానికై ముందుగానే పత్రము వ్రాసియుంచు హక్కును సుప్రీముకోర్టు 2018లో అంగీకరించి, 2023లో దాని విధానమును సులభము చేసినది. కాని యతడు కోరినది అదియు గాదు. అతడు కోరినది చావు కాదు, ఈవి. ఆ డిసెంబరులోనే యతడు మరణించెను. హృదయమును, కాలేయమును, మూత్రపిండములను ఎవరికిని ఈయ వీలుకాలేదు. నేత్రములను మాత్రము తీసికొనిరి. రక్తప్రసరణము నిలిచిన పిమ్మటను అవి కొన్ని గంటలవఱకు పనికివచ్చును.